పూరణ, అనుసరణ, పునఃసృష్టి: అభిమానులు నిలబెట్టిన ఒక ఆటల సంప్రదాయం

తెలుగు అధ్యయన పీఠం సంచికలో కంప్యూటర్ ఆటల గురించి వ్యాసమేమిటని పాఠకులలో కొందరు ఆశ్చర్యపోవచ్చు. శాసనాలు, ప్రబంధాలు, మాండలికాలు చర్చించవలసిన పుటలలో వీటికి చోటెక్కడిదని అడగడం న్యాయమే. అందుకు మా సమాధానాన్ని మొదటే చెప్పుకోవడం మంచిది. ఒక కళారూపం పుట్టి పెరిగిన ఆస్థానం కూలిపోయిన తరువాత, దానిని సృష్టించినవారు తలో దారి పట్టిన తరువాత, దూరాన ఉన్న అభిమానులు ఆ రూపాన్ని చేపడితే ఏది మిగులుతుంది, ఏది పోతుంది, ఏది కొత్తగా పుడుతుంది? ఇది దక్షిణాంధ్ర సాహిత్యం చదివే ప్రతి విద్యార్థికీ ఎదురయ్యే ప్రశ్న. హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూరు, యానాం నుంచి వచ్చి మా తరగతిలో కూర్చునే పిల్లలకైతే ఇది కేవలం పాఠ్యాంశం కూడా కాదు, వారి ఇంటి సంగతి.

మాకు ఈ ఆటలను పరిచయం చేసినది మా విద్యార్థులే. ఎరన అరణ్యపర్వ శేషపూరణ గురించి పాఠం చెబుతుండగా, వెనుక బల్ల మీది విద్యార్థి ఒకడు లేచి, "కంప్యూటర్ ఆటలలో కూడా ఇలాంటిది జరిగిందండీ" అన్నాడు. మొదట నవ్వి ఊరుకున్నాము. తరువాత అతడు చెప్పిన ఆటలను ఒక వేసవి సెలవులలో మేము స్వయంగా ఆడి చూశాము. అతడు చెప్పినది నిజమని ఒప్పుకోవడమే కాక, అతడు చెప్పని విషయం ఒకటి కూడా అందులో ఉందని మాకు తోచింది. ఈ వ్యాసంలో ఆ రెండింటినీ పరిశీలించదలచాము.

మూలగ్రంథాలు

మనం చర్చించే సంప్రదాయానికి మూలం 'క్వెస్ట్ ఫర్ గ్లోరీ' అనే ఆటల మాల. అమెరికాలోని సియెర్రా ఆన్‌లైన్ సంస్థ కోసం లోరీ కోల్, కోరీ కోల్ అనే దంపతులు దీనిని రూపొందించారు. మొదటి ఆట 1989లో 'హీరోస్ క్వెస్ట్' అనే పేరుతో వెలువడింది. అటువంటి పేరే గల బల్లమీది ఆట మిల్టన్ బ్రాడ్లీ సంస్థది ఒకటి ఉండడంతో పేరు మార్చుకోవలసి వచ్చింది. రెండవది 'ట్రయల్ బై ఫైర్' 1990లో, మూడవది 'వేజెస్ ఆఫ్ వార్' 1992లో, నాలుగవది 'షాడోస్ ఆఫ్ డార్క్‌నెస్' 1993లో, అయిదవది 'డ్రాగన్ ఫైర్' 1998లో వచ్చాయి. నాలుగు దిక్కులు, నాలుగు ఋతువులు, నాలుగు భూతాలు అనే పథకంతో నాలుగు ఆటలుగా అనుకున్న మాలలో 'వేజెస్ ఆఫ్ వార్' మధ్యలో చేరింది. జర్మన్ అడవుల గాథలు, అరబ్బు కథలు, ఆఫ్రికా మైదానాలు, స్లావు జాతుల పిశాచ కథలు, గ్రీకు పురాణాలు వరుసగా ఈ అయిదింటికి నేపథ్యాలు.

ఈ ఆటల విశిష్టత ఏమిటో తెలియాలంటే, వాటికి ముందు రెండు వేరువేరు ఆటల జాతులు ఉండేవని గమనించాలి. ఒకటి సాహసకథల ఆట. 1984లో సియెర్రా వారిదే అయిన 'కింగ్స్ క్వెస్ట్' ఇందుకు ఉదాహరణ. ఇందులో కథ ఉంటుంది, చిక్కుముడులు ఉంటాయి. కాని సాధారణంగా ప్రతి చిక్కుముడికీ రచయిత మనసులో ఉన్న విప్పే దారి ఒక్కటే. రెండవది పాత్రపోషణ ఆట. 1974లో వచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే బల్లమీది ఆట దీనికి మాతృక. ఇందులో ఆడేవాడు తన పాత్ర బలాన్ని, తెలివిని, నేర్పును అంకెలలో పెంచుకుంటూ పోతాడు. కథ మాత్రం తరచు పోరాటాలకు సాకుగా మిగిలేది. కోల్ దంపతులు ఈ రెండింటినీ ఒక్కటి చేశారు.

ఒక చిన్న ఉదాహరణ చాలు. మొదటి ఆటలో స్పీల్‌బర్గ్ అనే లోయలో ఒక వైద్యురాలు ఉంటుంది. ఆమె ఉంగరం పోయింది. అది ఇంటి ముందరి చెట్టు మీది గూటిలో ఉంది. యోధుడు రాళ్లు విసిరి గూటిని పడగొడతాడు. దొంగ చెట్టెక్కి తీసుకుంటాడు. మాంత్రికుడు మంత్రంతో రప్పించుకుంటాడు. ఉంగరం ఒక్కటే, గూడు ఒక్కటే, కాని చేసిన పనిని బట్టి చేసినవాడెవడో తెలుస్తుంది. పైగా ఎక్కడం చేతకాకపోతే మళ్లీ మళ్లీ ఎక్కి చూడాలి, ఎక్కినకొద్దీ నేర్పు పెరుగుతుంది. ఒక ఆట పూర్తయ్యాక ఆ పాత్రను అలాగే దాచి తరువాతి ఆటలోకి తీసుకుపోవచ్చు. స్పీల్‌బర్గ్‌లో రాళ్లు విసిరి నేర్చుకున్న చేతివాటం షపీర్ ఎడారిలో కూడా పనికి వస్తుంది. పాత్ర స్వభావం దాని క్రియలోనే ఉండాలన్నది మన నాటక లక్షణవేత్తలకు కొత్త మాట కాదు. ఆటల ప్రపంచంలో దానిని ఇంత నిండుగా సాధించినవి ఆ రోజులలో అరుదు.

క్రియాపదాల సంగతి

ఇక్కడ భాషాశాస్త్రం చదువుకున్నవారిగా మాకు ముఖ్యమనిపించిన విషయం ఒకటి చెప్పాలి. మొదటి రెండు ఆటలూ వెలువడిన నాటికి వాటిని మాటలతో ఆడేవారు. తెర మీద బొమ్మ ఉంటుంది. కింద మనం టైపు చేయాలి. 'తలుపు తెరువు', 'రాయి తీయి', 'చెట్టెక్కు', 'వర్తకుణ్ణి కాఫీ గురించి అడుగు' అని ఇంగ్లీషులో రాస్తే కంప్యూటరు ఆ వాక్యాన్ని విడదీసి అర్థం చేసుకునేది. అంటే ఆట అంతా విధ్యర్థక వాక్యాల మీద నడిచేది. ఆడేవాడి దగ్గర ఎన్ని క్రియాపదాలుంటే అంత స్వేచ్ఛ. కంప్యూటరుకు తెలియని మాట వాడితే తెలియదనేది. అది చిరాకు పుట్టించేది కూడా.

1992లో మొదటి ఆటను సియెర్రా వారే మేలైన రంగులతో, మౌస్ పద్ధతిలో తిరిగి నిర్మించారు. అప్పటికి సంస్థ ఆటలన్నిటిదీ అదే దారి. తెర పైభాగాన కొన్ని బొమ్మలు: నడిచే మనిషి, కన్ను, చెయ్యి, నోరు. కన్నుతో నొక్కితే చూడడం, చేతితో నొక్కితే తీయడం, తెరవడం, తోయడం, లాగడం, తాకడం అన్నీను. వందల క్రియాపదాలు నాలుగయిదు అవయవాలకు కుదించుకుపోయాయి. దానితో ఆట సులభమైంది, ఎక్కువమందికి చేరింది, టైపు చేయడం రానివారు కూడా ఆడగలిగారు. ఇది లాభమే. నష్టమెక్కడంటే, సంభాషణలో. పాత పద్ధతిలో ఒక మనిషి మాటల మధ్య ఒక పేరు అన్నాడంటే, ఆ పేరును మనం పట్టుకుని గుర్తుంచుకుని, తరువాత మనంతట మనమే అడగాలి. కొత్త పద్ధతిలో అడగదగిన విషయాలన్నీ పట్టికగా తెర మీదికి వస్తాయి. ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోతే సరిపోతుంది.

భాషను అభ్యసించేవారికి ఈ తేడా తెలిసినదే. వినగానే మాటను గుర్తుపట్టడం ఒక శక్తి. అవసరం వచ్చినప్పుడు మాటను లోపలి నుంచి తెచ్చుకోవడం వేరొక శక్తి. మొదటిది ఉండి రెండవది లేనివారిని భాషాశాస్త్రంలో గ్రహణ ద్విభాషులంటారు. ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడు బళ్లారి నుంచి వచ్చిన ఒక అమ్మాయి, "మా అవ్వ తెలుగులో ఏమన్నా నాకు అర్థమవుతుంది సార్. జవాబు మాత్రం కన్నడంలోనే వస్తుంది. ఎవరన్నా నాలుగు మాటలు ముందు పెడితే అందులో ఏది సరైనదో చెప్పగలను" అంది. ఆ అమ్మాయి తన తెలుగును మౌస్‌తో ఆడుతున్నదన్నమాట. ఇంట తెలుగు, బడిలో కన్నడం మధ్య పెరిగిన మాకు ఆ స్థితి పరాయిది కాదు.

ఆస్థానం కూలిన తరువాత

'డ్రాగన్ ఫైర్' నాటికే ఈ ఆటల కాలం ముగుస్తున్నది. నాలుగవ ఆట లోపాలతో విడుదలై చెడ్డపేరు తెచ్చుకుంది. అయిదవది అభిమానులు పట్టుబట్టి అడిగినందువల్ల వచ్చిందనడం అతిశయోక్తి కాదు. అది వచ్చిన కొద్ది నెలలకే, 1999 ఫిబ్రవరిలో, కాలిఫోర్నియాలోని ఓక్‌హర్స్ట్ కార్యాలయాన్ని మూసివేశారు. సియెర్రా పేరు, హక్కులు చేతులు మారుతూ ఆక్టివిజన్‌కు, 2023లో ఆక్టివిజన్‌తో పాటు మైక్రోసాఫ్ట్‌కు చేరాయి. హక్కులు ఉన్నవారికి ఆట మీద ఆసక్తి లేదు, ఆసక్తి ఉన్నవారికి హక్కులు లేవు. తాళపత్రాలు అటకెక్కిన జమీందారీ ఇళ్ల కథ ఇంతకు వేరు కాదు.

ఈ దశలో అభిమానుల చేతికి ఒక పనిముట్టు దొరికింది. క్రిస్ జోన్స్ అనే ఆంగ్లేయ ప్రోగ్రామరు 1997లో మొదలుపెట్టిన 'అడ్వెంచర్ గేమ్ స్టూడియో' సియెర్రా తరహా ఆటలను ఎవరైనా ఇంట కూర్చుని తయారుచేసుకునే సాధనం. దీనిని ఆయన ఉచితంగా పంచారు, 2011లో దాని మూలసంకేతాన్ని కూడా అందరికీ విడిచిపెట్టారు. ఇరవైయేళ్లుగా వస్తున్న పునరుజ్జీవనంలో పెద్దభాగం ఈ ఒక్క పనిముట్టు మీద నిలిచినదే. అచ్చుయంత్రం రాకతో పల్లెటూరి పండితుడు కూడా పుస్తకం వేయగలిగినట్లు, దీనివల్ల సంస్థ అండ లేని అభిమాని ఆట వేయగలిగాడు.

అభిమానుల కృషిని మేము మూడు తరగతులుగా విభజించి చూస్తున్నాము: పూరణ, అనుసరణ, పునఃసృష్టి. ఇవి కాలక్రమంలో ఒకదాని తరువాత ఒకటి వచ్చిన దశలు కావు. మూలంతో రచయిత పెట్టుకునే సంబంధాన్ని బట్టి చేసిన విభాగం.

పూరణ

సియెర్రా వారు మొదటి ఆటను మౌస్ పద్ధతిలోకి మార్చారు. మూడవది మొదలు అన్నీ ఆ పద్ధతిలోనే పుట్టాయి. రెండవదానిని మాత్రం మార్చలేదు. మాలలో ఒక్క పూస పాతదిగా మిగిలింది. ఈ ఖాళీని నింపినది ఏ.జి.డి. ఇంటరాక్టివ్ అనే అభిమానుల బృందం. 'కింగ్స్ క్వెస్ట్' ఆటలను 2001, 2002లలో పునర్నిర్మించి చేయి తిరిగినవారు, ఏళ్ల తరబడి పనిచేసి 2008లో 'ట్రయల్ బై ఫైర్'ను కొత్త రూపంలో ఉచితంగా అందించారు.

మా విద్యార్థికి ఎరన గుర్తుకు రావడం ఇక్కడే. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని ఎరన నన్నయ పేరుననే, రాజరాజనరేంద్రునికే చెబుతున్నట్లు పూరించాడు. మొదలు నన్నయ శైలిలో ఎత్తుకుని, పోనుపోను తిక్కన శైలికి చేరువవుతూ అతుకు కనబడనీయలేదని విమర్శకులు మెచ్చుకుంటారు. పూరణలోని నీతి ఇది: పూరకుడు తాను కనబడరాదు. ఏ.జి.డి. వారి పని కూడా ఇటువంటిదే. ఇటు 1992 నాటి మొదటి ఆట రంగులకు, అటు మూడవ ఆట రీతికి నడుమ అతుకు లేకుండా ఇమిడిపోయేలా చేశారు.

అయినా పూరకుడు పూర్తిగా అదృశ్యుడు కాలేడు. షపీర్ నగరపు సందులు మూలంలో పద్మవ్యూహం లాంటివి. పెట్టెలో వచ్చిన పటం దగ్గర పెట్టుకుని వెదుక్కుంటే తప్ప నాణెములు మార్చే ఆమె దుకాణం దొరకదు. అది కొందరికి ఆ నగరపు ప్రాణం, కొందరికి నరకం. పునర్నిర్మాతలు సందులను ఉన్నవి ఉన్నట్లు పెట్టి, కోరినవారికి సులువైన సందులు కూడా ఇచ్చారు. సంభాషణలో పట్టికనుంచి ఏరుకోవడంతో పాటు, ఇష్టమైతే మాటను టైపు చేసి అడిగే వీలును కూడా అట్టేపెట్టారు. మాకు ఈ పనిలో అన్నిటికన్నా నచ్చినది ఈ చివరిదే. సౌలభ్యం కోసం వచ్చినవారిని తిప్పిపంపలేదు, పాత శక్తిని పోగొట్టుకోదలచనివారికి తలుపు మూయలేదు. పాఠపరిష్కర్తలు పాఠాంతరాలను పుట అడుగున నిలిపినట్లు, వీరు పాత వాడుకను ఆటలోనే నిలిపారు.

ఈ ఆటలో కట్టాలనే ఒక జాతి ఉంది. రసీర్ నగరం నుంచి తరిమివేయబడి షపీర్‌లో అంగళ్లు పెట్టుకుని బతుకుతారు. తమ ఊరి సంగతి అడిగినవారికి ఓపికగా చెబుతారు. కాని అడగాలి. టైపు చేసే పద్ధతిలో ఆడితే, రసీర్ అనే మాటను మనం తలచుకుని అడిగితేనే వారి కథ వినబడుతుంది. అడగని ఆటగాడికి వారు వట్టి దుకాణదారులు.

అనుసరణ

రెండవ తరగతిలోని ఆటలు మూలం పేరు వాడుకోవు. హక్కుల చట్టం వాడుకోనివ్వదు. ఈ ఆంక్ష వల్ల మేలే జరిగిందని మా అభిప్రాయం. స్పీల్‌బర్గ్, షపీర్ పేర్లు ముట్టుకోరాదు గనుక వారు కొత్త దేశాలను కల్పించుకోక తప్పలేదు.

వీటిలో ప్రథమ స్థానం 2013లో క్రిస్టల్ షార్డ్ బృందం ఉచితంగా విడుదల చేసిన 'హీరోయిన్స్ క్వెస్ట్: ద హెరాల్డ్ ఆఫ్ రాగ్నరోక్' ఆటకు ఇవ్వాలి. కోల్ దంపతులు ముట్టని నార్వేజియన్, స్వీడిష్ పురాణగాథలను వీరు ఎత్తుకున్నారు. ఎగ్‌థేర్ అనే మంచు రాక్షసుడు ప్రళయాన్ని తేబోతున్నాడు, లోకం మంచులో కూరుకుపోతున్నది, ఆపవలసినది ఒక స్త్రీ. యోధురాలు, మాంత్రికురాలు, దొంగ అనే మూడు వృత్తులలో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకున్న వృత్తిని బట్టి చిక్కుముడులు విప్పే దారులు మారతాయి. చట్రమంతా పాతదే.

చట్రం పాతదైనా ఆట పాతది కాకపోవడానికి మాకు రెండు కారణాలు కనబడుతున్నాయి. మొదటిది, వీరు తమ గాథలను పై పై అలంకారంగా వాడలేదు. ఎగ్‌థేర్ పేరు ప్రాచీన ఎడ్డా గీతాలలో ఒక మూల ఒక్కసారి తళుక్కుమనే పేరు. గుట్ట మీద కూర్చుని వీణ లాంటి వాద్యం మీటే రాక్షసుడిగా మాత్రమే అక్కడ కనిపిస్తాడు. ఆ చిన్న ప్రస్తావనను పట్టుకుని ప్రతినాయకుణ్ణి చేశారు. ఆటలోని ఊరి పేరు ఫోర్న్‌సిగ్టూనా కూడా స్వీడన్‌లో నిజంగా ఉన్న పురాతన స్థలం పేరే. రెండవది, చలి, ఆకలి. నాయిక తినాలి, వెచ్చగా ఉండాలి, లేకపోతే చనిపోతుంది. ఇది కేవలం కష్టం పెంచడానికి పెట్టిన నియమం కాదు. ప్రళయశీతం అనే కథావస్తువును ఆడేవారి చేతివేళ్ల దాకా తెచ్చిన నియమం. వస్తువు నుంచి పుట్టిన నియమం గనుక రాణించింది. లోపం చెప్పాలంటే, పాత ఆటలను గుర్తుచేసే చమత్కారాలు కొన్నిచోట్ల కథ బరువును తగ్గిస్తాయి. గురువుగారిని ప్రతి ఆశ్వాసంలోనూ తలచుకోనక్కరలేదు.

2014లో ఇన్‌ఫేమస్ క్వెస్ట్స్ వారు తెచ్చిన 'క్వెస్ట్ ఫర్ ఇన్‌ఫమీ' దీనికి భిన్నం. పేరులోనే వెక్కిరింత ఉంది. కీర్తికి మారు అపకీర్తి. నాయకుడు రోమ్ అనేవాడు గతం నుంచి తప్పించుకు తిరిగే ధూర్తుడు. క్రాస్నా లోయలో వచ్చి పడతాడు. బందిపోటు, దొంగ, మాంత్రికుడు అన్నవి వీడికి తెరిచి ఉన్న మూడు దారులు. బొమ్మలలో, లోయ వాతావరణంలో మూలం మీది ప్రేమ అడుగడుగునా తెలుస్తుంది. అయితే ధూర్తనాయకుణ్ణి ఎన్నుకున్నవారు అతడి అధర్మానికి ఫలితం కూడా చూపాలి. ఇక్కడ నాయకుడి మాటలు ధూర్తుడివి, పనులు చాలావరకు మామూలు వీరుడివే. మన ప్రహసనాలలో విటుడికి కడపట తగిన శాస్తి జరుగుతుంది కనుకనే నవ్వుకు పదును వచ్చింది. వెక్కిరింపు నిలవాలంటే వెక్కిరించబడే దానికి దీటైన వేరొక నీతి కావాలి. ఆ దీటు ఇందులో కొరవడింది.

ఏ.జి.డి. వారే హిమాలయ స్టూడియోస్ పేరుతో 2013లో చందాలు ఎత్తి 2019లో విడుదల చేసిన 'మేజెస్ ఇనిషియేషన్' గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. పంచభూతాలలో నాలుగింటిలో ఒకటి నాయకుడికి వృత్తి అవుతుంది. చేతిపని చక్కనిది. కాని పూరణలో ఎంతో ఒదిగిన చెయ్యి స్వతంత్ర రచనలో ఆ ఒదుగును వదలలేకపోయింది. ఇతరుల గొంతు చక్కగా పలికేవాడికి తన గొంతు దొరకడం ఆలస్యమవుతుందన్నది అనువాదకులు ఎరిగిన కష్టమే.

పునఃసృష్టి

ఇక మూలకర్తలే తిరిగి వచ్చారు. కోల్ దంపతులు 2012లో అభిమానుల నుంచి చందాల రూపంలో 4 లక్షల డాలర్లకు పైగా పోగుచేసి, 2015లో మరోసారి చెయ్యి చాచి, అనుకున్నదానికి ఏళ్లు ఆలస్యంగా 2018 జులైలో 'హీరో-యు: రోగ్ టు రిడెంప్షన్' విడుదల చేశారు. అభిమానులు ఆశించినది ఆరవ ఆట. వచ్చినది అది కాదు. ఊరూరా తిరిగే వీరుడికి మారు, దొంగతనం చేస్తూ దొరికిపోయి బడిలో చేర్చబడిన షాన్ అనే కుర్రవాడు. వృత్తిని ఎంచుకోనక్కరలేదు, అతడు దొంగే. దేశాటన లేదు, ఒక విద్యాకాలం. ఉదయం పాఠం, సాయంత్రం సాధన, రాత్రి నేలమాళిగలు. ప్రతి గంటా దేనికో ఒకదానికి ఖర్చు పెట్టాలి. ఒకటి ఎంచుకుంటే వేరొకటి పోతుంది.

కొందరు నిరాశపడ్డారు. మా అభిప్రాయం వేరు. 1989 ఆటలో ఉన్న మూలసూత్రం ముచ్చటైన మూడు వృత్తులు కాదు. చేసే పని మనిషిని తయారుచేస్తుందన్నది. ఆ సూత్రాన్ని వారు కాలం అనే కొత్త వస్తువు మీద ప్రయోగించారు. చట్రాన్ని విడిచి సూత్రాన్ని పట్టుకున్నారు. అభిమానులు చాలామంది సూత్రాన్ని సగం విడిచి చట్రాన్ని పట్టుకున్నారు. ఆట సాగదీతగా ఉందని, సంభాషణలు బరువని అనేవారితో మేము వాదించము. కాని మూలకర్తలకు తమ రచన విషయంలో ఉన్న నిర్భయం అనుచరులకు ఎందుకు ఉండదో ఆలోచించదగినది. అనుచరుడికి భయం పోగొట్టుకుంటానేమోనని.

ఆ భయం లేని అనుచరులు లేరని కాదు. జపానులో 1994లో, అమెరికాలో 1995లో వచ్చిన 'ఎర్త్‌బౌండ్' మీద ప్రేమతో, దానినే మార్చి చూసుకుంటూ పని నేర్చుకున్న టోబీ ఫాక్స్ 2015లో 'అండర్‌టేల్' వెలువరించాడు. ఎదురైనవాడిని చంపకుండా మాటలతో, ఓర్పుతో దాటిపోవచ్చునన్న ఒక్క నియమంతో పాత్రపోషణ ఆటల మూలభావాన్నే అతడు ప్రశ్నించాడు. మూలాన్ని అడుగడుగునా గుర్తుచేస్తూనే మూలాన్ని ఎదిరించే రచన అది. పునఃసృష్టి అంటే మేము ఉద్దేశించినది ఇదే.

మనకేమిటి?

మూడింటిలో ఏది గొప్పదని అడిగితే, మా సమాధానం కొంత నిరాశ కలిగించవచ్చు. పూరణ లేకపోతే మూలం చదవడానికి అందదు. అనుసరణ లేకపోతే చెయ్యి తిరగదు. పునఃసృష్టి లేకపోతే ఆ రూపానికి బతుకు ఉండదు, స్మారకం మాత్రం ఉంటుంది. దక్షిణాంధ్ర సాహిత్యంలో ఈ మూడూ ఉన్నాయి. 1673లో తంజావూరు నాయకరాజ్యం ముగిసింది. తరువాత వచ్చిన మహారాష్ట్ర ప్రభువులకు తెలుగు మాతృభాష కాదు. అయినా శాహజీ తెలుగులో యక్షగానాలు రచించాడు. ఆయనను మనం అభిమాని అనక మరేమనాలి? తంజావూరు జిల్లా మెలట్టూరులో తమిళం మాట్లాడే కుటుంబాలవారు ఏటా నృసింహ జయంతి వేళ భాగవతమేళ నాటకాలను తెలుగులోనే ఆడుతున్నారు. వీధిలో ఆ భాష వినబడదు, రంగస్థలం మీద వినబడుతుంది. అక్కడ ప్రహ్లాదుడు తండ్రికి తెలుగులోనే ఎదురు చెబుతాడు.

మన దేశంలో ఈ ఆటలవైపు చూపు పడలేదని కాదు. పైరోడాక్టిల్ అనే భారతీయ బృందం 2014లో తెచ్చిన 'అన్‌రెస్ట్' ప్రాచీన భారతాన్ని పోలిన కల్పిత దేశంలో, కత్తికన్నా మాటకు ఎక్కువ చోటిచ్చిన పాత్రపోషణ ఆట. అయితే అందులోని జనం మాట్లాడే భాష ఇంగ్లీషు. తెలుగులో ఇటువంటి ఆట వేయడానికి పనిముట్టు అడ్డమని ఇదివరకు చెప్పుకునేవారము. అడ్వెంచర్ గేమ్ స్టూడియోలోకి 2023లో 3.6 సంచికతో యూనికోడ్ వచ్చింది. గుణింతాలు, ఒత్తులు తెర మీద చక్కగా కూర్చడం ఇంకొక మెట్టు. అది కష్టమే కాని, తాళపత్రం మీద గంటంతో ఒత్తులు దించినవారి పిల్లలకు తలకు మించిన పని కాదు.

ఈ వ్యాసం మొదట, మా విద్యార్థి చెప్పనిది ఒకటి మాకు తోచిందన్నాము. అది ఇది. ఈ ఆటల పునరుజ్జీవనంలో రంగులు తిరిగి వచ్చాయి, సంగీతం తిరిగి వచ్చింది, వృత్తులు, నేర్పులు, చమత్కారాలు తిరిగి వచ్చాయి. మాటను మనంతట మనం తలచుకుని అడిగే పద్ధతి మాత్రం చాలా కొద్దిగానే తిరిగి వచ్చింది. పోయినవాటిలో తిరిగి రావడానికి అన్నిటికన్నా మొండికేసేది అదే. భాష విషయంలో కూడా అంతే. తెలుగు పాటలు, తెలుగు పండుగలు, తెలుగు వంటలు పరాయి ఊళ్లలో తరాల తరబడి నిలుస్తాయి. అవ్వ మాట అర్థం కావడం కూడా చాలాకాలం నిలుస్తుంది. జవాబు ముందుగా పోతుంది.

కనుక విద్యార్థులకు మా మనవి చిన్నది. మీలో ఆట వేయగలవారు తెలుగులో ఆట వేయండి. మీ ఊరి కథతో వేయండి, హోసూరు కొండలతో, షోలాపూరు మగ్గాలతో, యానాం గోదావరితో వేయండి. కాని అందులో ఒక్కచోటనైనా, ఒక్క పాత్ర దగ్గరనైనా, పట్టిక తీసివేయండి. ఆడేవాడు తనంతట తాను ఒక తెలుగు మాట తలచుకుని రాస్తే తప్ప ఆ పాత్ర నోరు విప్పకూడదు. పైన చెప్పిన బళ్లారి అమ్మాయి ఈ సంగతి విని, ఆ పాత్ర అవ్వ అయితే బాగుంటుందన్నది. ఆ ఒక్క వాక్యం ఆమె తెలుగులోనే అన్నదని ఇక్కడ నమోదు చేస్తున్నాము.